వేళ్ళ సాక్ష్యం

నాకు పరీక్ష పెట్టడమా! సికింద్రాబాద్ జనరల్ బజార్‌లో ముప్పై ఎనిమిదేళ్ళుగా చీరలమ్ముతున్న రాఘవేందర్‌ని నేను. కళ్ళు మూసుకుని తాకితే పట్టేదో, నకిలీదేదో చెప్పే చేయి ఇది. అయినా వేళ్ళ స్పర్శను పరీక్షిస్తామన్న ఒక పరిశోధన సంస్థకు వెళ్ళాను. కారణం అమ్మిరాజు.

ఇరవై ఏళ్ళు నా దుకాణంలో పనిచేసిన మనిషి. పోయిన నెల ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు నుంచి అతను తెచ్చిన మూట విప్పి చీరలు తాకాను. నకిలీవి! దారిలో అసలువి మార్చేశావు, నువ్వు దొంగవి అని, వీధిలో పోతున్న పెళ్ళి బ్యాండు హోరులో గొంతు చించుకుని, బజార్లో అందరి ముందు అతన్ని వెళ్ళగొట్టాను.

"జెర ఒక పోగు కాల్చి చూడరాదే అన్నా" అన్నాడు పక్క దుకాణం దయాకర్. నా వేళ్ళుండగా అగ్గిపుల్లను అడగాలా? ఒళ్ళు మండింది. కాల్చలేదు. అప్పట్నుంచీ బజారంతా నాదే తప్పంటోంది. ఈ పరీక్షలో నెగ్గితే అందరి నోళ్ళూ మూతపడతాయి.

స్పర్శ మీద పరిశోధన చేస్తున్న లాస్య అనే అమ్మాయి నా చేతులు నల్లటి తెర వెనక పెట్టించింది. చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించబోయింది.

"ఇదెందుకమ్మా? పాటలు వినడానికొచ్చిన్నా?"

"బయటి చప్పుడు వినపడొద్దు అంకుల్."

వాటిలో వానలాంటి హోరు. ఇరవై ముక్కలు తాకి చకచకా చెప్పేశాను. ఆ పిల్ల ముఖం చూస్తే ఏదో తేడాగా ఉంది.

"పదకొండు తప్పులు" అంది హెడ్‌ఫోన్లు తీసి.

"ఏందీ! ముక్కలు మార్చినవా? అమ్మిరాజు గిట్ట వచ్చి కలిసిండా నిన్ను?"

అమ్మిరాజు ఎవరని కూడా అడగలేదు. అవే ముక్కలు కలిపి మళ్ళీ ఇచ్చింది, ఈసారి హెడ్‌ఫోన్లు లేకుండా. ఒక్కటే తప్పు.

"చూసినవా!"

"చూసిన అంకుల్. మీరు బట్టను నలుపుతున్నరు. పట్టు నలిపితే కరకరమంటది. మీరు గుర్తుపడుతున్నది చెవితోని."

తర్వాత సన్నటి ప్లాస్టిక్ పోగుతో వేళ్ళు తాకుతానంది. చిటికెన వేలికి తెలిసింది. బొటనవేలి వంతు వచ్చింది, ఏమీ తెలియలేదు. చూపుడు వేలికీ అంతే. తాకకుండానే తాకానంటోంది, నాతోనే నాటకాలా అని తెర లాగేశాను. పోగు నా వేలి మీదే వంగి ఉంది.

"మణికట్టు కాడ నరం నొక్కుకపోయి ఉండొచ్చు, డాక్టర్‌కు చూపించుకోండి. ఎన్ని రోజులసంది ఇట్ల?"

బ్యాండు హోరులో చీరలు తాకిన ఆ రోజు గుర్తొచ్చి, చటుక్కున లేచి బయటపడ్డాను.

ఆటోలో దుకాణానికి వెళ్ళి, ఆ మూటలోంచి ఒక పోగు లాగి వెలిగించాను. వెంట్రుకలు కాలిన వాసన. ఇంకో చీర పోగు. అదే వాసన. అంతా అసలు పట్టే. ఛీ, నా బతుకు!

అదే ఆటోలో మారేడ్‌పల్లిలోని అమ్మిరాజు ఇంటికి వెళ్ళాను. అతనే తలుపు తీశాడు. దారి పొడవునా కూడబెట్టుకున్న క్షమాపణ మాటలు మొదలుపెట్టబోయాను. అతను నన్నూ, నా వెనక ఆగిన ఆటోనూ మార్చి మార్చి చూశాడు. అందులో ఎవరిని వెంటబెట్టుకొచ్చానో అనుకున్నాడేమో.

"ఇల్లు సోదా చెయ్యడానికొచ్చారా సేఠ్ గారూ?"

నేను నోరు తెరిచేలోపే లోపలికి వెళ్ళి బీరువా తలుపులు బార్లా తీశాడు. భార్య చీరలు ఒక్కొక్కటీ మంచం మీద పరిచాడు.

"తాకి చూసుకోండి. మీ సరుకేమైనా ఉందేమో."