ఒక్కపొద్దు సాబుదాన

పసుపు కొమ్ములు ఒక కుప్పలోకి, గుండ్రటి గడ్డలు ఇంకో కుప్పలోకి వేస్తూనే లస్మవ్వ బజారు వైపు చూస్తోంది. పదిహేనేళ్లుగా ఆర్మూరు గంజ్‌లో అదే పని. అరచేతి గీతల్లోకి, గోళ్ల సందుల్లోకి, మడమల పగుళ్లలోకి పసుపు ఇంకిపోయింది. ఊళ్లో ముత్తయిదువలు పండగనాడు రాసుకునేది ఆమెకు రోజూ ఉచితం.

నిరుడు వానలు లేవు. కుప్పలు చిన్నవైపోయి, పని వారంలో రెండు మూడు రోజులకు మించి దొరకడం లేదు. భర్త భూమయ్య నెల నుంచి మంచాన ఉన్నాడు. ఇదే గంజ్‌లో పసుపు బస్తా వీపున వేసుకుని లారీ ఎక్కించిన మనిషి. ఇప్పుడు రేషన్ ఎర్రజొన్న గటక గొంతు దిగితే చాలు, కక్కేస్తున్నాడు. సాబుదాన జావ తప్ప ఏదీ పెట్టొద్దన్నాడు దవాఖాన డాక్టరు. చెప్పడానికి ఆయనకేం, ఆ వేళ శివరాత్రి.

శివరాత్రికి ఊరంతా ఉపవాసం. ఉపవాసమంటే ఇంటింటికీ సాబుదాన కిచిడీ. ఎక్కడో కర్రపెండలం గడ్డల పిండితో చేసే ఆ తెల్లటి పూసలు అన్నం కిందికి రావు కనుక, కడుపునిండా తిన్నా దేవుడు ఏమీ అనుకోడు. లక్ష్మీరాజం దుకాణంలో ఒక్క బస్తా మిగిలింది. ఉపవాసం ఉన్నవాళ్లకే, మనిషికో డబ్బా కొలుస్తున్నాడు.

మధ్యాహ్నం తిండి వేళకు లస్మవ్వ వరుసలో నిలబడింది.

"నీకెందుకే లస్మవ్వా? భూమయ్యకా?" అన్నాడు లక్ష్మీరాజం. "ఇయ్యాల ఒక్కపొద్దున్నోళ్లకే ఇస్తున్న. బీమారోళ్లను రేపు రమ్మన్న."

"నేను గూడ ఒక్కపొద్దే సేటు."

వెనక నుంచి పక్కింటి నీలవ్వ కిసుక్కుమంది. "ఎప్పటి సంది పట్టినవే? పోయినేడు గిదే దినం రొట్టె నములుకుంట కనవడ్డవు గద!"

"మొన్నటి సంది."

వరుసంతా నవ్వింది. లక్ష్మీరాజమూ నవ్వాడు. తర్వాత ఆమె ముఖం చూశాడు. డబ్బాను రెండుసార్లు కుదిపి, పైన ఇంకో గుప్పెడు పోశాడు.

కొంగున కట్టుకుని ఇంటికి పరుగెత్తింది. కడుగుతుంటే చేతుల పసుపు అంటి పూసలు లేతపచ్చగా అయ్యాయి. సత్తుగిన్నెలో నీళ్లు పోసి మంచం పక్కన పెట్టింది.

"గిట్లనే ఉడికియ్యరాదు," అన్నాడు భూమయ్య. గొంతులో గాలి తప్ప మాట లేదు.

"నానకుంటె నడుమల పలుకుంటది. మల్ల కక్కుతవు. పొద్దుగూకంగనే అచ్చి మెత్తగ వండుత."

"పోకు."

"లారీ నిండాలె. పోకుంటె రేపటి సంది రావద్దంటడు ముకద్దం. ఒక్క పూట ఓర్సుకో." గడప దాటబోయి వెనక్కి తిరిగింది. "ముట్టకు జర. నానని."

సాయంత్రం దాకా కొమ్ములు అటు, గడ్డలు ఇటు. కొత్త చీరల ఆడవాళ్లు సిద్ధులగుట్ట గుడికి పోతూ గంజ్ ముందు నుంచి నడిచారు. వాళ్ల కిచిడీలు అరిగే వేళయింది. ఆమె మనసంతా గిన్నెలోనే ఉంది: ఇప్పుడు పావు నానుంటాయి, ఇప్పుడు సగం. పని అలవాటైన చేయి ఒకటి రెండుసార్లు గడ్డను కొమ్ముల్లో వేసింది. ముకద్దం తిట్టాడు. అతను తిట్టని రోజంటూ ఉంటే కదా.

ఇంటికి వచ్చేసరికి గడప మీద నీలవ్వ కూర్చుని ఉంది. లేవలేదు.

"మూలుగు ఇనవడితె అచ్చిన. నీళ్లడిగిండు, పోసిన. గంతే, లస్మవ్వా."

లోపల భూమయ్య కళ్లు మూసి ఉన్నాయి. మూసింది నీలవ్వే. మంచం పట్టె మీద నుంచి కుడిచేయి కిందికి వేలాడుతోంది. మూడు వేళ్లకు ఆరిన జిగురు.

"శివరాత్రి నాడు పోయిండు, అదీ ఒక్కపొద్దుతోని. పుణ్యాత్ముడు," అంది నీలవ్వ కొంగుతో కళ్లు ఒత్తుకుంటూ. మనస్ఫూర్తిగానే అంది. మధ్యాహ్నం నవ్విన సంగతి ఆమెకు గుర్తు లేదు.

లస్మవ్వ నేల మీద కూర్చుంది. గిన్నెలోంచి ఒక పూస తీసి వేళ్ల మధ్య నొక్కింది. పలుకు లేకుండా చితికింది.

పోసిన నీళ్లన్నీ తాగి లేతపచ్చటి పూసలు గిన్నె అంచుదాకా ఉబ్బాయి. మంచం వైపు మాత్రం మూడు వేళ్లు దిగినంత గుంట.