కొబ్బరిచెట్టు సాక్ష్యం

మా ఆయన ఐజాక్ మాస్టారు ప్రార్థన మొదలుపెడితే విస్తట్లో పులుసు చల్లారిపోతుందని మా ఊళ్ళో ఒక వేళాకోళం ఉండేది. అలా నవ్వుకుంటూనే పెళ్ళికైనా, పుట్టినరోజుకైనా, కొత్త ఇంట్లోకి చేరినా ఆయన్నే పిలిచేవారు. గొంతు అలాంటిది. కళ్ళు మూసుకుని "తండ్రీ" అన్నారంటే, ఎదురు కుర్చీలో కూర్చున్న మనిషితో మాట్లాడుతున్నట్టే ఉండేది.

ఆయన దేవుణ్ణి నమ్మడానికి కారణం పెద్ద వేదాంతమేమీ కాదు. చిన్నప్పుడు నత్తి. బళ్ళో సొంత పేరు చెప్పుకోవడానికే అవస్థ పడేవారట. సండే స్కూల్లో ఒకసారి ప్రార్థన చేయమని లేపితే, పిల్లలంతా నవ్వడానికి సిద్ధంగా ఉంటే, మాట ఎక్కడా తగలకుండా గలగలా వచ్చేసిందట. ఆ తరవాత మెల్లగా మామూలు మాటలూ బాగుపడ్డాయి. "నా నోరు విప్పినవాడు ఒకడున్నాడు ప్రిస్కిల్లా" అనేవారు. ఆయన విశ్వాసమంతా అదే. నేనైతే అంతదూరం ఎప్పుడూ వెళ్ళలేదు. నాది వంటింటి దేవుడు. పాలు విరగకుండా, పిల్లలకి జ్వరాలు రాకుండా చూస్తే స్తోత్రం చెప్పేసి నా పని నేను చేసుకుంటాను.

మా పక్కిల్లు చిట్టియ్యది. కొబ్బరిచెట్లెక్కి కాయలు దింపడం అతని పని. భార్య దీనమ్మ. ఉన్న ఒక్క కూతురికీ పెళ్ళి చేసేశారు. వాళ్ళది తాటాకిల్లు, మాది పెంకుటిల్లు. మధ్యలో దడి, దడిలో పొడుగాటి కొబ్బరిచెట్టు ఒకటి మావైపు వాలి ఉండేది. దీనమ్మ నన్ను వదినా అనేది, ఆయన్ని అన్నయ్యా అనేది. చుట్టరికమేమీ లేదు. ఒకే చర్చి, ఒకే దడి, కూరగిన్నెలు అటూ ఇటూ తిరగడం. చుట్టరికానికి ఇంతకంటే ఏం కావాలి?

తొంభై ఆరు నవంబరు తుఫాను గురించి కోనసీమ వాళ్ళకి ఎవరూ చెప్పక్కర్లేదు. పిల్లలు చదువులకి వేరే ఊళ్ళో ఉన్నారు, ఇంట్లో మేమిద్దరమే. ఆ సాయంత్రం ఉత్తరపు గాలికి వాళ్ళ కప్పు లేచిపోతుంటే మొగుడూ పెళ్ళాం మా ఇంట్లోకి వచ్చేశారు. బయట కొబ్బరిచెట్టు మా కప్పు మీదకి వంగుతోంది, లేస్తోంది. వంగినప్పుడల్లా పెంకులు జారి వాకిట్లో పగులుతున్నాయి. ఈసారి లేవదు, మా నెత్తి మీద పడిపోతుంది అనుకుంటూ గోడవారగా నక్కి కూర్చున్నాం. మా ఆయన మాత్రం లేచి నిలబడి చేతులెత్తారు.

"తండ్రీ, ఈ చెట్టును మా మీద పడనివ్వకు. తిప్పెయ్యి తండ్రీ."

మేం ముగ్గురం గట్టిగా ఆమేన్ అన్నాం.

కొంతసేపటికి గాలి ఆగిపోయింది. అంత హోరూ పోయి ఆకు కూడా కదల్లేదు. "చూసేరా మాస్టారూ! మీ మాటంటే ఆయనకి గురండి" అని చిట్టియ్య నవ్వాడు. మేక కట్టేసే ఉంది, విప్పుకొచ్చేస్తానని వెళ్ళాడు. తుఫాను కన్ను నెత్తి మీదకి వచ్చినప్పుడు గాలి అలా ఆగుతుందనీ, మళ్ళీ ఎదురు దిక్కు నుంచి కొడుతుందనీ పెద్దవాళ్ళు చెప్పగా విన్నదే. ఆ క్షణాన ఒక్కరికీ గుర్తు రాలేదు. ఈసారి గాలి దక్షిణం నుంచి వచ్చింది. మావైపు వాలిన చెట్టు నిటారుగా లేచి, అవతలివైపు పడిపోయింది.

మేక బతికింది. చిట్టియ్య బతకలేదు.

గండం గడిస్తే కృతజ్ఞత కూడిక పెట్టడం మాలో ఆనవాయితీ. సంఘాన్నంతా పిలవాలి, గండం తప్పినవాళ్ళు లేచి సాక్ష్యం చెప్పాలి, తరవాత అందరికీ భోజనం. సంక్రాంతి వెళ్ళాక మా వాకిట్లో షామియానా వేసి మేమూ పెట్టాం. దీనమ్మ తెల్లచీర కట్టుకుని పొద్దున్నే వచ్చి, వద్దంటున్నా వినకుండా కత్తిపీట ముందేసుకుని వంకాయలన్నీ తరిగింది. కూడిక మొదలయ్యేసరికి చేతులు కడుక్కుని ఆడవాళ్ళలో ముందు వరసలో కూర్చుంది.

సాక్ష్యం అంటే ఎలా ఉంటుందో చూసినవాళ్ళకి తెలుస్తుంది. చెప్పేవాళ్ళు ఆగిన ప్రతిచోటా వినేవాళ్ళు "స్తోత్రం" అంటారు. ఆ మాటకి ఎంత నిదానస్తుడైనా ఊగిపోతాడు. మా ఆయన అబద్ధమాడారని నేననను. చెప్పినవన్నీ నిజాలే. చెప్పకుండా వదిలేసిందే ఒకటుంది.

"ఆ చెట్టు మా ఇంటి మీదకే వాలి ఉందండి. తండ్రీ, తిప్పెయ్యి అన్నాను!"

"స్తోత్రం!"

"తిప్పేశాడండి! మావైపు ఉన్న చెట్టుని మొదలంటా తిప్పేశాడు! ప్రార్థన ఆలకించే దేవుడండి మన దేవుడు!"

"స్తోత్రం!"

దీనమ్మ లేచి నిలబడింది. అరవలేదు, ఏడవలేదు. తల మీద కొంగు సర్దుకుని, పాఠం అర్థంకాని పిల్ల అడిగినట్టు అడిగింది.

"ఎటు తిప్పమన్నారండి, మాస్టారూ?"

ఈసారి ఎవరూ స్తోత్రం అనలేదు. అన్నయ్యా అని పిలిచే మనిషి మాస్టారూ అంది. నా గుండెలో ముందు గుచ్చుకున్నది ఆ పిలుపే.

"నేను కూడా ఆమేన్ అన్నానండి. మా ఆయనా అన్నాడు. ఇటు తిప్పమంటన్నారని తెలిస్తే అనేవాళ్ళం కాదు కదండి."

అంతే. చెప్పులేసుకుని వెళ్ళిపోయింది. నేను వెనకాల పరిగెత్తితే, "అన్నాలు చల్లారిపోతన్నాయి వదినా, వడ్డించండి" అంది.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆ మాట ఊరంతా తిరిగింది. ఆ ఏడే దీనమ్మకి కాలవ అవతల తుఫాను కాలనీలో స్లాబు ఇల్లొచ్చింది. అటు వెళ్ళిపోయిన మనిషి మళ్ళీ చర్చి గుమ్మం తొక్కలేదు. దీనమ్మకి విశ్వాసం పోయిందని జనం తేల్చేశారు. జనానికేం, తేల్చడానికి ఎంతసేపు? కానీ మా ఆయన కూడా ఆ మాట నమ్మారు. తన నోటి మూలంగా ఒక మనిషి దేవుడికి దూరమైపోయిందని కుమిలిపోయారు.

పెళ్ళిళ్ళలో ప్రార్థన చేయమంటే ఇంకెవరినైనా చూసుకోమనేవారు. తరవాత పిలవడం మానేశారు. ఇంట్లో భోజనాల దగ్గర కూడా ఆ పని నా మీద పడింది. నా ప్రార్థన రెండు ముక్కలు కాబట్టి మా ఇంట్లో పులుసు వేడివేడిగానే తినేవాళ్ళం. ఆ వేడి నాకు సయించేది కాదు. రిటైరయ్యాక నత్తి మళ్ళీ వచ్చింది. పెరట్లో ఆ చెట్టు మోడు వైపు చూస్తూ కూర్చునేవారు.

"గాలి ప్రిస్కిల్లా. ద... దక్షిణం గాలి. తిప్పినవాడు ఎవడూ లేడు. ఉంటే అలా తిప్పడు."

"అదేదో వెళ్ళి ఆవిడకి చెప్పండి. నాకు చెప్తే ఏం లాభం?" అని విసుక్కునేదాన్ని. నాకు కోపం దేవుడి మీదా కాదు, దీనమ్మ మీదా కాదు. పక్క ఊరు కూడా కాదు, కాలవ మీద వంతెన దాటితే వచ్చే ఇంటికి వెళ్ళలేని ఈయన మీద. రేపు వెళ్తాననేవారు. ఆ రేపు ఏళ్ళ తరబడి నడిచింది. కాలవ గట్టు మీద ఆవిడ ఎదురైతే తల దించుకునేవారు. ఆవిడా దించుకునేది. నాతో మాత్రం సంతలో కనిపిస్తే పిల్లల క్షేమం అడిగేది. ఆయన ప్రార్థన మానేశారని ఆవిడకి ఊళ్ళో ఎవరూ చెప్పినట్టు లేదు, నేనూ ఎప్పుడూ చెప్పలేదు. ఏ మొహంతో చెప్పను?

రెండువేల మూడులో తెలిసింది, దీనమ్మ ఊరు వదిలి వెళ్ళిపోతోందని. అల్లుడు లాజరు రావులపాలెంలో అరటిగెలల వ్యాను నడుపుతాడు. అత్తగారిని ఇంక తమ దగ్గరే ఉంచుకుంటామని వచ్చాడట. మాట విన్నవెంటనే మాస్టారు నేను చెప్పకుండానే చొక్కా తొడుక్కున్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే. అయినా నేనూ చెప్పులేసుకున్నాను.

మేం వెళ్ళేసరికి వ్యాను గుమ్మంలో ఉంది. లాజరు మంచం తాళ్ళతో కడుతున్నాడు. దీనమ్మ మమ్మల్ని చూసి కంగారుపడి, సర్దేసిన మూటలో నుంచి చాప తీసి పరిచింది. బాగా పెద్దదైపోయింది మనిషి.

మాస్టారు కూర్చోలేదు. దారంతా కూడబలుక్కున్న మాటలు ఆగి ఆగి చెప్పారు.

"దీనమ్మా, ఆ రోజు నేను... నేను చెప్పింది తప్పు. దేవుడు తిప్పలేదమ్మా చెట్టుని. గాలి తి... తిరిగింది. అంతే. ఎవరూ తిప్పలేదు. అక్కడ ఎవరూ లేరు. చిట్టియ్యని ఎవరూ కావాలని..."

ఆవిడకి ఓదార్పు అవుతుందనుకున్నారు పాపం. నేనూ అలాగే అనుకున్నాను. దీనమ్మ మొహం పాలిపోయింది.

"అదేంటన్నయ్యా, అలాగంటారేంటి?" అంది. "గాలైతే నేనెవర్నడగాలండి?"

మాకు అర్థం కాలేదు.

"రోజూ పొద్దున్నే పొయ్యి దగ్గర కూర్చుని ఆ దేవుడితో దెబ్బలాడతానండి. మేక చాల్లేదా నీకు, నా మొగుడే కావాల్సొచ్చేడా అంటానండి. తిడతాను కూడానండి. ఎప్పుడో ఓనాడు చెప్తాడు కదా, చెప్పకపోతే పైకెళ్ళేక నిలబెట్టి అడుగుతాను కదా అని బతికేను. ఉన్న ఒక్క తోడూ ఆయనే. ఆయన్ని కూడా లేడంటే ఎలాగన్నయ్యా?"

"మరి చర్చికి రావడం ఎందుకు మానేశావే?" అన్నాను, నోరాగక.

"నా మొహం చూస్తే అన్నయ్యకి మాట రాదని వదినా. ఆ రోజు మా అన్నయ్య మొహం చూసేను కదా. నేను ఎదురుగా కూర్చుంటే ఇంకేం ప్రార్థన చేస్తారు? అంత మంచి గొంతు. నా మూలంగా ఆగిపోకూడదని నేనే తప్పుకున్నాను."

మాస్టారు గోడ పట్టుకున్నారు. ఆవిడ ఇంటికి వెళ్ళకుండా నేను గడిపిన ప్రతి ఆదివారం కళ్ళముందుకొచ్చింది. ఎవరో ఒకరు వంతెన దాటి ఉంటే ఎంత బాగుండేది!

"వెళ్ళిపోతన్నాను కదన్నయ్యా. ఒక్క ప్రార్థన చెయ్యండి" అంది దీనమ్మ. "నేనడిగితే పలకట్లేదు. మీ గొంతు ఆయనకి బాగా గుర్తు. దీనమ్మ అడుగుతోంది, చెప్పెయ్యి అనండి."

ప్రార్థనకి తల మీద కొంగు కప్పుకుంది. చేతులు జోడించి కళ్ళు మూసుకుంది. బయట లాజరు కూడా తాడు వదిలేసి తల వంచాడు.

మాస్టారు కళ్ళు మూసుకున్నారు.

"త... త..."

పెదవులు కొట్టుకుంటున్నాయి. మాట రావడం లేదు. చిన్నప్పుడు నత్తి ముందుగా ఏ మాట దగ్గర వదిలిందో, ఇప్పుడు ఆ మాట దగ్గరే గట్టిగా పట్టుకుంది. నేనే రెండు ముక్కలు చెప్పేద్దామా అనిపించింది. కానీ ఆవిడ అడిగింది నన్ను కాదు. దీనమ్మ కళ్ళు తెరవకుండా అలాగే ఎదురుచూసింది. ఆమేన్ అనడానికి సిద్ధంగా ఉన్న మనిషి ఎలా ఉంటుందో అలా ఉంది.

చివరికి కళ్ళు తెరిచి ఆయన్ని చూసింది. ఆయన చెంపల మీదుగా నీళ్ళు కారుతున్నాయి. నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. ఆవిడకి అప్పుడు తెలిసింది.

"అయ్యో అన్నయ్యా, మానేసేరా? నేనా రోజు అడిగినందుకా?"

"కా... కాదమ్మా" అన్నారు మాస్టారు. నాకు తెలిసి ఆయన ఆడిన మొదటి అబద్ధం అదే, ఆడటం కూడా రాలేదు.

లాజరు వచ్చి పొద్దు పోతోందత్తయ్యా అన్నాడు. దీనమ్మ వ్యాను ఎక్కి మూటల మధ్య కూర్చుంది. మా వైపు చూడలేదు. కొంగు మాత్రం తల మీద అలాగే ఉంది. వ్యాను వంతెన దాటి కనిపించకుండా పోయేదాకా ఆవిడ కొంగు తియ్యలేదు.