ఎలక్షన్లు అయిపోయినాక

ఎలక్షన్లొస్తే లైసెన్సు తుపాకులన్నీ పోలీస్‌స్టేషన్లో పెట్టాల. ఆ రెండు నెలలే జీవమ్మ కంటినిండా నిద్రపోయింది.

మొగుడు ప్రేమయ్య మిలిటరీలో హవల్దారుగా చేసి వచ్చినోడు. డోన్‌లో ఒక బ్యాంకు గేటు కాడ గార్డు. సొంత తుపాకీ ఉన్నోడికే ఆ ఉద్యోగం; ఎలక్షన్లప్పుడు మాత్రం ఉత్త లాఠీతో నిలబడినా ఊరుకుంటారు. ఆయనతో పాటు పటాలంలో చేసిన హనుమేష్ పోయినేడు తన ప్రాణం తానే తీసుకున్నాడు. ఆ పొద్దు చేతికందే దూరంలో తుపాకీ లేకుంటే బతికేవాడేమోనని జీవమ్మకు ఇప్పటికీ అనిపిస్తాది.

అప్పట్నుంచి ప్రేమయ్య అన్నం ముందర కూర్చుని గోడకేసి చూస్తాంటాడు. చర్చిలో నోరు విప్పి పాట పాడడు. మాజీ సైనికుల ఆస్పత్రికి పోతే షుగరుకు మాత్రలిచ్చినారు, బీపీకి ఇచ్చినారు, నిద్ర రాలేదంటే దానికీ ఒకటిచ్చినారు. ఎందుకు రాలేదని అడిగిన పాపాన ఒక్కడూ పోలేదు. సరిహద్దులో నిలబడినప్పుడు జై అన్నోళ్లు, తిరిగొచ్చినాక మాత్ర చేతిలో పెట్టి పొమ్మంటారు. కర్నూలు పెద్దాసుపత్రిలో మనసు డాక్టరుంటాడని జీవమ్మ చెప్తే కసిరినాడు. పిచ్చోడని పేరు పడితే తుపాకీ పోతాది, దాంతో పాటే ఉద్యోగమూ పోతాదన్నాడు.

ఓట్ల లెక్కింపు అయిపోయినాక, తుపాకీ తీసుకపొమ్మని స్టేషన్ నుంచి ఫోనొచ్చింది. ఆయన కంటే ముందే జీవమ్మ పోయి, ఇయ్యొద్దని ఎస్సైని బతిమాలింది. లైసెన్సు ఆయనది, ఆయన నోటితోనే చెప్పాలన్నాడు ఎస్సై. మిలిటరీ మొగుణ్ని కట్టుకోని తుపాకీకి భయపడతాండావేమ్మా అని పక్కన కేసులు రాసుకుంటాండే రైటరు నవ్వినాడు.

అంతలో ప్రేమయ్య వచ్చినాడు. ఈడ నీకేం పనని పెండ్లాన్ని అడగలేదు. కానిస్టేబులు తుపాకీ తెచ్చి బల్ల మీద పెట్టినాడు.

“హనుమేషన్న పెండ్లాన్ని చూసినా కదయ్యా,” అంది జీవమ్మ. “నువ్వు గార్డువు కాకపోయినా నాకేం లేదు. మనిషివి ఉంటే చాలు.”

ప్రేమయ్య తుపాకీని బల్ల మీదనే ఎస్సై పక్కకు తోసినాడు.

“ఈడనే పెట్టుకోండి సార్,” అన్నాడు. “ఇంట్లో ఉంటే నా మీద నాకే నమ్మకం లేదు.”

రైటరు మొగం తిప్పుకున్నాడు.

వారం తిరక్కముందే బ్యాంకోళ్లు గేటు కాడ ఇంకొకాయన్ని నిలబెట్టినారు. మరుసటి పొద్దు ప్రేమయ్య కర్నూలు బస్సెక్కినాడు. పక్కన జీవమ్మ.

“చెప్పన్నా, ఏమైంది?” అన్నాడు పెద్దాసుపత్రిలో మనసు డాక్టరు.

మిలిటరీలో ఎన్నేండ్లు చేసిందీ చెప్పబోయినాడు ప్రేమయ్య. నోట్లోంచి హనుమేష్ పేరొచ్చింది. ఆ పేరు కాడే ఆగిపోయినాడు. డాక్టరు తొందరపెట్టలేదు. బయట వరసలో ఉన్నోళ్లు గొణుక్కుంటాండారు.