ముర్రుపాలు ఎవరి బిడ్డకు?

తొంభై నాలుగు ఎండాకాలం. శంషాబాద్ పక్కన వీరేందర్ పటేల్ ద్రాక్షతోటలో కోత నడుస్తోంది. గుత్తులు కోస్తున్న సునీతకు పందిరి కిందే నొప్పులొచ్చాయి. డబ్బాలు నింపే రేకుల షెడ్డులో ఆడపిల్లను కన్నది. కాన్పు చేసింది అత్త సత్తెమ్మే. ఆమె ఇంకా చేతులైనా కడుక్కోలేదు, మేస్త్రి యాదయ్య వచ్చి నిలబడ్డాడు.

"పిల్లను ఇంటికి పంపు. సునీత ఈడ్నే కూసోని డబ్బాలు నింపుతది."

"పచ్చి బాలెంత యాదయ్యా! కండ్లు కనవడ్తలేవా?"

"మూడొద్దులు పాలియ్యరు గద మీరు! గప్పటిదాంక పిల్లతోని తల్లికేం పని? లారీ ఆగి ఉన్నది."

వాడు హుకుం జారీచేసి వెళ్లిపోయాడు. వాడన్నది నిజమే. వాళ్లలో మూడు రోజులు తల్లిపాలు పట్టరు. ముందొచ్చే పసుపుపచ్చటి పాలు చెడుపాలని పిండి పారబోసి, పిల్లకు చక్కెర నీళ్లు పోస్తారు. సునీత తొలిచూలు కొడుకుకూ అవే పోశారు. పురుడు వెళ్లకముందే పిల్లాడు పోయాడు. దేవుడి దయ అంతేనన్నాడు పటేల్. పేదల పిల్లలు చచ్చినప్పుడే పెద్దలకు దేవుడు గుర్తొస్తాడు.

"అక్కా, గా పాలు పిండకు," అన్నది తోటి కూలీ మరియమ్మ. "పిల్లకు పట్టు. మా చర్చికొచ్చే నర్సమ్మ చెప్పింది, గవి కడుపుల పడితెనే రోగాలు రావంట. మా బిడ్డ షెకీనాకు నేను పట్టలేదా?"

"మా ఇండ్లల్ల లేదే గా రివాజు," అంటూ సత్తెమ్మ పాలు పిండడానికి గిన్నె అందుకుంది.

అప్పుడే పశువుల కొట్టం నుంచి, పాలేరు మీద యాదయ్య అరుపు వినిపించింది. "బాలమల్లూ! ఆవు ఈనితె ఏం చూస్తున్నవ్‌రా? దూడకు ముర్రుపాలు తాపు, జల్ది! గవి పడకుంటె దూడ దక్కది. పటేల నా తోలు తీస్తడు!"

సత్తెమ్మ చెయ్యి ఆగిపోయింది. ఏళ్ల తరబడి పటేల్ దూడలకు ఆ పాలు తాగించింది తనే. ఆ చేత్తోనే ఇంట్లో మనవడి నోట్లో చక్కెర నీళ్లు పోసింది. ఆమెకు ఇప్పుడు అర్థమైంది. మన మూఢనమ్మకం మన పిల్లల్ని మింగుతుంటే, దాన్నే పటేల్ పనికి వాడుకుంటున్నాడు!

గిన్నె విసిరికొట్టి, బిడ్డను సునీత రొమ్ముకు పట్టింది. పిల్ల కాసేపు తడుముకొని అందుకుంది.

యాదయ్య మళ్లీ వచ్చి సునీత రెక్క పట్టబోయాడు. మరియమ్మ అడ్డం పడింది. "చెయ్యి తియ్! దూడకేమొ ముర్రుపాలు, మా పిల్లలకు మట్టా?"

ఆ కేకకు పందిళ్ల కింది ఆడవాళ్లంతా వచ్చారు. "పటేలతోని మనకెందుకే? కూడు పోతది," అన్నదొకామె.

"ఇద్దరు సంటిపిల్లల్ని మట్టిల పెట్టిన నేను!" ముసలి లింగమ్మ విరుచుకుపడింది. "ఇంక పోయేతందుకు ఏమున్నదే?"

కత్తెరలు నేలమీద పడ్డాయి. అందరూ షెడ్డు చుట్టూ కూర్చున్నారు.

కబురందుకొని వచ్చిన పటేల్ జీపు దిగాడు. "పాల పంచాయితి ఇంట్ల పెట్టుకోండ్రి. కొయ్యనోళ్లు రేపటిసంది తోటకు రావద్దు!"

"బాలెంతను ఇంటికి పంపాలె. పనిలకెల్లి తియ్యొద్దు," అన్నది సత్తెమ్మ. "సంటిపిల్ల తల్లులకు పాలిచ్చే తెరిపి ఇయ్యాలె. గప్పటిదాంక ఒక్క గుత్తి తెగది!"

పటేల్ పోలీసులను పిలిపించాడు. అడగవలసినవాళ్లను వదిలేసి, "ఎవతే సత్తెమ్మ? జీపెక్కు!" అని ఎస్సై గద్దించాడు.

సత్తెమ్మ లేచింది. సునీత తలెత్తింది. "జర ఆగుండ్రి సారూ. పిల్ల తాగుతున్నది. తాగినంక నేను కూడ వస్త."

"నేను కూడ వస్త," అన్నది లింగమ్మ. కూర్చున్నవాళ్లంతా లేచారు.

"అందరు జీపుల పడ్తరానే?" ఎస్సై కసిరాడు.

"గా లారీ ఉన్నది గద సారూ, అందరం పడ్తం," అన్నది మరియమ్మ.

లింగమ్మ అప్పటికే లారీ ఎక్కి మొదటి ద్రాక్ష డబ్బా కిందికి తోసింది.