అక్క డిస్కుకు దీపాలు

పిచ్చిక అని పేరే గానీ మనిషి తొంభై కిలోలుంటాడు. చిన్నప్పుడు కాళ్ళూ చేతులూ పుల్లల్లా ఉండేవని అక్క పెట్టిన పేరది. నలభై రెండేళ్ళొచ్చినా వదల్లేదు. ఇంటి కింది గదిలో కూర్చుని మిక్సీలు, ఇస్త్రీ పెట్టెలు, రేడియోలు బాగుచేస్తాడు. పై గదిలో అక్క ఉంటుంది. వాడికన్నా పద్నాలుగేళ్ళు పెద్దది. ఇరవై ఆరేళ్ళుగా సిటీ బస్సు నడుపుతోంది. ఒకటే రూటు, ఏడో నంబరు, రైల్వే స్టేషన్ నుంచి పెద్దాసుపత్రి దాకా. నాన్న ముందే పోయాడు, అమ్మకు చూపు పోయేనాటికి తమ్ముడికి పదకొండేళ్ళు. ఆ గుడ్డి తల్లినీ ఈ పిచ్చికనీ రెక్కల కింద పెట్టుకుని, తన పెళ్ళి సంగతి మరిచిపోయిన మనిషి ఆవిడ. వాడికి పని నేర్పించిందీ, దుకాణం పెట్టించిందీ ఆవిడే.

ఆవిడకు డ్యూటీ కాక ఉన్న పిచ్చి ఒక్కటే, డిస్క్ గోల్ఫ్. పాత ఇటుకల బట్టీ స్థలంలో పార్కువాళ్ళు తొమ్మిది ఇనప బుట్టలు పాతారు. ఒక్కో బుట్ట పైనుంచి గొలుసులు వేలాడుతుంటాయి. పళ్ళెమంత ప్లాస్టిక్ డిస్కును దూరం నుంచి విసురుకుంటూ వెళ్ళి ఆ బుట్టలో పడెయ్యాలి. ఎవరు తక్కువ విసుర్లలో పడేస్తే వాళ్ళది గెలుపు. డిస్కు గొలుసులకు తగిలినప్పుడు గల్లుమంటుందే, ఆ చప్పుడు కోసమే వారమంతా స్టీరింగు తిప్పుతానని అక్క అనేది.

చలికాలంలో ఆవిడ డ్యూటీ దిగేసరికి చీకటి పడిపోయేది. అందుకే దీపాల పని పిచ్చిక మీద పడింది. మొదట్లో వెలుతురు తాగి చీకట్లో పచ్చగా మెరిసే రకం డిస్కులు తెచ్చి, విసిరే ముందు నీలం టార్చి పట్టేవాడు. ఆ మెరుపు రెండు విసుర్లకే చల్లారిపోయేది. తర్వాత గింజంత బల్బు, గుండీ అంత బ్యాటరీ కలిపి, డిస్కు అడుగున పారదర్శకపు టేపుతో అంటించడం మొదలుపెట్టాడు. అంచున పెడితే డిస్కు తాగినవాడిలా తూలుతుంది. సరిగ్గా నడుమన పెట్టాలి. ఈ సంగతి తెలుసుకోవడానికి వాడికి నాలుగు వారాలు పట్టింది. అక్క విసిరితే ఆ వెలుగు చుక్క చీకట్లో నిటారుగా వెళ్ళి, ఆఖర్న ఎడమకు ఒరిగి దిగేది. అలా ఒరుగుతుందని లెక్కేసుకునే ఆవిడ బుట్టకు కుడివైపు గురిపెట్టేది. గురువారం గురువారం ఆడే పదిమందీ తమ డిస్కులు కూడా వాడికే ఇచ్చేవాళ్ళు. పిచ్చిక అక్కడికి వెళ్ళినా ఒక్కసారి కూడా విసరలేదు. వాడికి అక్కను చూడటమే ఆట.

రెండో చలికాలంలో అక్క సణగడం మొదలుపెట్టింది. "నీ దీపాలు గుడ్డివైపోతున్నాయిరా, కాస్త మంచి బ్యాటరీలు వెయ్యి" అంది. వాడు బ్యాటరీలు కొలిచి చూశాడు. బాగానే ఉన్నాయి. అయినా ఎందుకని రెండు బల్బులు పెట్టాడు. నెల తిరక్కముందే మూడు పెట్టాల్సి వచ్చింది. తోటి ఆటగాడు, సైకిలు దుకాణం ఆయన, ఇది డిస్కా లారీ హెడ్‌లైటా అని నవ్వాడు. అక్క కూడా నవ్వింది. పిచ్చిక మాత్రం నవ్వలేకపోయాడు. విసిరిన డిస్కును ఏరుకోవడానికి వెళ్ళినప్పుడు అక్క తలను అటూ ఇటూ కోడిలా తిప్పడం అప్పటికే వాడి కంట పడింది. గింజలు వెతికే కోడి అలా తిప్పుతుంది. వాళ్ళమ్మా అలాగే తిప్పేది, మంచినీళ్ళ గ్లాసును బల్ల మీద పెట్టబోయి గాల్లో వదిలెయ్యడానికి ఒక ఏడాది ముందు.

ఒక గురువారం అందరూ వెళ్ళిపోయాక వాడొక పని చేశాడు. మూడు దీపాలూ వెలుగుతున్న డిస్కును అక్క ఎడమ కాలి పక్కన, జానెడు దూరంలో, చప్పుడు కాకుండా పెట్టాడు.

"అక్కా, నీ డిస్కేదీ?"

ఆవిడ ముందుకు చూసింది. తల తిప్పి కుడివైపు చూసింది. "నీ దగ్గర లేదా?" అంది. గడ్డి మీద పడ్డ వెలుతురు ఆవిడ చెప్పు అంచును తెల్లగా చేస్తోంది.

పిచ్చిక వంగి డిస్కు తీసి ఆవిడ చేతిలో పెట్టాడు. అడగాల్సిన అవసరం లేకపోయింది. బుట్ట కిందున్న సిమెంటు దిమ్మ మీద కూర్చుని ఆవిడే చెప్పింది. ఏడాది క్రితం వేరే ఊళ్ళో కళ్ళ డాక్టరుకు చూపించుకుందట. అమ్మకొచ్చిందే వచ్చిందట. చూపు అంచుల నుంచి లోపలికి ఎండిపోతోంది, మందు లేదు. డిపోలో కళ్ళ పరీక్షకు అక్షరాల పలక బట్టీ పట్టేసిందట. రూటు ఎటూ కంఠతా వచ్చు, ఏ గుంట ఎక్కడుందో టైర్లకే తెలుసు.

"రిటైర్మెంటుకు ఇంకో పద్నాలుగు నెలలేరా. గౌరవంగా దిగిపోతాను. నువ్వు నోరు మెదపకు" అంది.

నోరు మెదపడం వాడి వల్ల ఎప్పుడైందని? చిన్నప్పటి నుంచీ అక్క మాటే వాడికి మాట. సరేనన్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. పగలు పర్వాలేదు గానీ సాయంత్రం ఆఖరి ట్రిప్పుకే కష్టంగా ఉందని ఆవిడ అంది. మర్నాడే వాడు డిపో గేటు స్తంభాలకు మెరిసే టేపు అంటించాడు. ఆసుపత్రి దగ్గర ఆఖరి స్టాపు అరుగు అంచుకు అంటించాడు. డిస్కులకు పెట్టే గింజ బల్బులే రెండు తీసి బస్సు పక్క అద్దాల మీద బిగించాడు, అద్దం ఎక్కడుందో ఆవిడకు తెలియాలని. ఎవరైనా అడిగితే అక్క మీద ప్రేమతో చేసిన అలంకారమని చెప్పాడు. డిపోలో అందరూ మురిసిపోయారు, తమ్ముడంటే అలా ఉండాలన్నారు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు అక్కా తమ్ముళ్ళిద్దరూ ఐదు నెలలు గడిపారు. సాయంత్రం ఏడింటికి పై మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడేదాకా వాడు పని ఆపి చెవి అటే పెట్టుకుని కూర్చునేవాడు.

ఒక మంగళవారం ఆవిడ వస్తూనే నీళ్ళడిగింది. తాగి, గ్లాసు చేతిలోనే పెట్టుకుని, "ఆసుపత్రి మలుపులో ఏదో తగిలినట్టైందిరా. కొమ్మయ్యుంటుంది" అంది.

ఆ మలుపులో చెట్లు లేవు. ఆ మాట ఇద్దరికీ తెలుసు.

పొద్దున్నే పిచ్చిక అక్కడికి నడిచాడు. మలుపు దగ్గర మందుల దుకాణం ఆయన షట్టరు ఎత్తుతున్నాడు. నిన్న సాయంత్రం పోస్ట్‌మాన్‌ను ఏదో బండి కొట్టేసిపోయిందని ఆయన చెప్పాడు. సైకిలుతో సహా కాలవలో పడ్డాడట, కుడి భుజం ఎముక నుజ్జయిందట, ఏ బండో ఎవరూ చూడలేదట. కాలవ గట్టున ఇంకా రెండు మూడు ఉత్తరాలు తడిసి అంటుకుపోయి ఉన్నాయి. పిచ్చిక వాటిని ఒలిచి తీయబోతే చిరిగిపోయాయి.

కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టుంది వాడి బతుకు. ఇంటికొచ్చి అక్క డ్యూటీకి బయల్దేరుతుంటే మెట్ల దగ్గర అడ్డం నిలబడ్డాడు. పోస్ట్‌మాన్ సంగతి చెప్పాడు. ఆవిడ రెయిలింగు పట్టుకుంది.

"నువ్వే వెళ్ళి చెప్పక్కా. నేనూ వస్తాను."

"చెప్పను."

"అయితే నేను చెప్తాను."

"చెప్పు" అంది. "అమ్మకు అన్నం తినిపించిన చేతులివి. నిన్ను మోసిన చేతులివి. వాటిని స్టీరింగు మీంచి నువ్వే పీకేశావని కూడా చెప్పు." వాణ్ణి పక్కకు నెట్టి వెళ్ళిపోయింది.

వాడు డిపోకు ఆటోలో వెళ్ళాడు. ఆవిడకన్నా ముందే చేరాడు. డిపో మేనేజరు అరవైకి దగ్గర పడ్డ మనిషి, అక్కను మొదట్నుంచీ ఎరిగినవాడు. అంతా విని పెన్ను పక్కన పెట్టాడు. ఎన్నాళ్ళుగా తెలుసని అడిగాడు. ఐదు నెలలన్నాడు పిచ్చిక. మేనేజరు కిటికీలోంచి బయటికి చూశాడు. ఏడో నంబరు బస్సు అద్దాల మీద పిచ్చిక బిగించిన బల్బులు పట్టపగలు కూడా వెలుగుతున్నాయి.

"రోజూ ఎంతమంది ఎక్కుతారో తెలుసా ఆ బస్సు?" అన్నాడాయన. జవాబు కోసం ఆగలేదు. ఫోనెత్తాడు.

ఆ పూటే అక్కను దింపేశారు. పలక బట్టీ పట్టిన సంగతి కూడా బయటపడింది కాబట్టి, మంచిమాటతో పంపే వీలు మేనేజరుకు లేకపోయింది. కేసు నడిచింది. ఇరవై ఆరేళ్ళ సర్వీసు చివర ఒక్క కాగితం మీద 'తొలగింపు' అన్న మాట రాసి ఇచ్చారు. వీడ్కోలు చెప్పడానికి ఎవరూ రాలేదు. తోటి డ్రైవర్లు పిచ్చికను చూసి పక్కకు తప్పుకున్నారు. కొందరు ముందే చెప్పలేదని, కొందరు అసలు చెప్పినందుకు. రెండూ న్యాయమేనని వాడికే అనిపించింది.

పోస్ట్‌మాన్‌ను చూడ్డానికి ఆసుపత్రికి వెళ్ళాడు. ఆయన యాభై దాటిన బక్కపలచని మనిషి. పక్కన కూతురు కూర్చుని ఉంది. పిచ్చిక తాను ఎవరో, ఏం చేశాడో దాచకుండా చెప్పాడు. ఆయన తిట్టి ఉంటే బాగుండేది. తల గోడవైపు తిప్పుకున్నాడు. కూతురు వరండా దాకా వెంట వచ్చి, ఆ చెయ్యి ఇక భుజం దాటి లేవదని డాక్టర్లు చెప్పారని, మళ్ళీ రావద్దని, నెమ్మదిగా, మర్యాదగా చెప్పింది.

కళ్ళ డాక్టరమ్మ అక్క కేసు చూసి, ఇది వంశంలో వచ్చే జబ్బు, తమ్ముడికి కూడా పరీక్ష చెయ్యాలంది. చేశారు. వాడి కళ్ళకు ఏమీ లేదు. ఆ మాట చెప్పడానికి పై గది తలుపు ముందు అరగంట నిలబడి, చెప్పకుండానే దిగివచ్చాడు. అక్క వాడితో మాట్లాడటం ఎప్పుడో మానేసింది. వండి మెట్ల మీద పెడితే తీసుకునేది, గిన్నె కడిగి అక్కడే పెట్టేది. ఆ గిన్నెలో ఒక్కో రోజు ఒక పక్క కడిగీ ఒక పక్క కడక్కా ఉండేది. వాడు మళ్ళీ కడుక్కునేవాడు.

మరో చలికాలం వచ్చింది. గురువారం ఆటగాళ్ళు దీపాలకోసం వాడి దగ్గరికి డిస్కులు తేవడం మానలేదు. వాడూ కాదనలేదు. ఒక గురువారం సాయంత్రం, ఆటగాళ్ళు ఆ రోజువి పట్టుకెళ్ళాక, వచ్చేవారం డిస్కులు బల్లమీద పేర్చుకుని టేపు కత్తిరిస్తుంటే, అక్క గోడ తడుముకుంటూ దిగివచ్చింది. చేతిలో తన ఎర్ర డిస్కు ఉంది.

"దీనికి పెట్టు" అంది. తొమ్మిది నెలల తర్వాత ఆవిడ అన్న మొదటి మాట అది.

పిచ్చిక మూడు పెట్టాడు. ఆవిడ డిస్కును మొహానికి దగ్గరగా తెచ్చుకుని, "వెలిగించావా?" అని అడిగింది. ఐదు చేశాడు. ఎనిమిది చేశాడు. ఎనిమిదోదానికి ఆవిడ తల ఊపింది. ఒక్క సన్నటి చుక్క కనబడుతోందని చెప్పింది, సూది బెజ్జంలోంచి చూసినట్టు.

మైదానానికి వెళ్ళేసరికి ఆటగాళ్ళు అప్పటికే దూరపు బుట్టల దగ్గరున్నారు. వాడు అక్క భుజాలు పట్టి మొదటి బుట్టకేసి నిలబెట్టి, ఎంత దూరమో చెప్పాడు. ఆవిడ కాలు వెనక్కు వేసి, నడుం తిప్పి, పూర్వంలాగే విసిరింది. చెయ్యి ఏమీ మరిచిపోలేదు. కానీ ఎనిమిది దీపాల బరువుకు డిస్కు పైకి లేవలేదు. పది అడుగుల దూరంలో బొక్కబోర్లా పడి, ఒక బ్యాటరీ ఊడి గడ్డిలోకి దొర్లింది.

గొలుసుల చప్పుడు రాలేదు. ఆవిడ ఇంకా వింటూనే ఉంది.

"ఎంత దూరం పోయింది?"

బాగానే పోయిందని చెప్పబోయాడు. ఐదు నెలలు అబద్ధమాడిన నోరు ఆ ఒక్క అబద్ధానికి పెగలలేదు.

"పోలేదక్కా. ఇక్కడే పడింది. బరువెక్కువైంది."

"తక్కువ పెడితే?"

"తక్కువ పెడితే నీకు కనబడదు."

ఆవిడ డిస్కు తీసుకురమ్మనలేదు. దూరంగా ఎవరో బుట్టలో వేసినట్టున్నారు, గల్లుమంది, నలుగురు నవ్వారు. ఆవిడ చెయ్యి గాల్లోకి చాచి వెతికింది. వాడు తన మోచెయ్యి అందించాడు. పట్టుకుంది. క్షమించి కాదు. ఆ చీకట్లో ఇంటికి వెళ్ళడానికి ఇంకో దారి లేక.

ఇంటి మెట్ల దగ్గర ఆవిడ చెయ్యి తీసేసుకుని, రెయిలింగు అందుకుని, ఒక్కో మెట్టూ కాలితో తడిమి చూసుకుంటూ ఎక్కింది. పైన తలుపు మూసుకుంది, గడియ పడింది. పిచ్చిక కింది గదిలోకి వెళ్ళి, బల్ల మీద వెలుగుతూ ఉండిపోయిన మిగతా డిస్కుల దీపాలు ఒక్కొక్కటే ఆర్పాడు.