కుర్చీలు లేని వార్డు

చింతామణిలోని ఆ ప్రైవేటు ఆసుపత్రిలో రోగికి మంచముంది, మంచానికి నంబరుంది, నంబరుకు ఫైలుంది. నర్సుకు మాత్రం కుర్చీ లేదు. ఎవరో నర్సు కూర్చున్నట్టు కెమెరాలో కనబడిందని మేనేజరు సునీల్‌కుమార్ ఆడవాళ్ళ వార్డులో కుర్చీలన్నీ ఎత్తించేశాడు.

"మీరు నిలబడితేనే ఆసుపత్రి నిలబడుతుంది" అన్నాడు. కూర్చునే అన్నాడు.

పాఠకులారా, అక్కడ కనిపెట్టే కెమెరాలున్నాయి. కనిపెట్టుకుని ఉండే మనిషే లేడు.

కాలిపుండుతో దిబ్బూరహళ్ళి నుంచి వచ్చి చేరిన రామలక్ష్మమ్మ నాలుగు రోజులుగా ఈ చోద్యం చూస్తోంది. నర్సు ప్రతిమకు ఏడో నెల. పేరు ప్రతిమ అయినంత మాత్రాన మనిషి రాయి కాదు గదా! ఆ ఉదయం ఆమె పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు.

"ఏమ్మా, మొగమట్ల పాలిపోయుండాది?"

"నడుము లాగేస్తాండాది అవ్వా. లీవడిగితే వచ్చే వారం చూస్తామన్నారు."

"కడుపులో బిడ్డకు వారాలు తెలుస్తాయా? రా, నా మంచంమీద పడుకో."

కుంటుకుంటూ దిగి, ఆమెను బలవంతంగా పడుకోబెట్టింది. ఐదు నిమిషాలైనా కాలేదు, సునీల్‌కుమార్ పరుగెత్తుకొచ్చాడు. రోగి పిలిచినప్పుడు ఆ పరుగు ఎన్నడూ లేదు.

"సిస్టర్, అది పేషెంటు మంచం! లేవండి!"

"అప్పా," అంది రామలక్ష్మమ్మ, "మా పట్టుపురుగులు పొర విడిచే ముందర ఆకు మాని పడుకుంటాయి. జ్వరమంటాం దాన్ని. అప్పుడు మేము తట్ట గూడా కదిలించం. పురుగుకిచ్చే నిద్ర ఈ బిడ్డకియ్యవా?"

"ఇది పురుగుల షెడ్డు కాదవ్వా, ఆస్పత్రి!"

"అదే అప్పా చెప్తాండేది. షెడ్డయింటే ఈ బిడ్డ బతికిపోయుండేది!"

వార్డంతా పకపకా నవ్వింది. ఆ నవ్వే కొంప ముంచింది. పరువు పోయిన మేనేజరు ప్రతిమను లేపి, మూడంతస్తులకూ మందుల ట్రాలీ ఆమె చేతనే తోయించాడు. మధ్యాహ్నం మూడింటికి ఆమె ట్రాలీ పట్టుకునే కూలిపోయింది. నేలంతా నెత్తురు. అంబులెన్సులో చిక్కబళ్ళాపురం పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. తల్లి దక్కింది. బిడ్డ దక్కలేదు.

మర్నాడు రామలక్ష్మమ్మను ఇంటికి పంపుతూ సునీల్‌కుమార్ ఓ కాగితం ముందు పెట్టాడు.

"మా సేవ బాగుండాదని వేలిముద్ర వెయ్యవ్వా. ఐదు స్టార్లుండాయి చూడు."

"ప్రతిమ యాడ?"

"లీవిచ్చినాం లే, వారం రోజులు."

రామలక్ష్మమ్మ వేలు ముడుచుకుంది. నిన్న అందరినీ నవ్వించిన తన నోటినే కొట్టుకోవాలనిపించింది.

"రాసుకో అప్పా! పదిమందికి పెద్దయినోడు ముందు ఆ పదిమంది నొప్పి చూడల్ల. పని చేసేవాళ్ళ ప్రాణం కనబడనోని చేతికి రోగుల ప్రాణం ఇయ్యగూడదు."