పెదవుల మీది పాట

కోరుట్లలో చుట్టాల పెళ్లికి పోయిన రాజేశం, అక్కడి డీజే పాటలో ఒకే ఒక్క ముక్కను నెత్తికెక్కించుకుని సిరిసిల్లకు తిరిగొచ్చాడు. మిగతా పాట గుర్తులేదట. కొస దొరకని పాటే మనిషిని వదలదు, ఏం చేస్తాం!

మా కార్ఖానాలో మరమగ్గాలు నడుస్తుంటే పక్కవాళ్లు అరిచినా వినపడదు. అందుకే పెదవులు చూసే మాట్లాడుకుంటాం. నేను కండెలు చుట్టే మిషన్ రాజేశం మగ్గానికి ఎదురుగానే ఉంటుంది. పొద్దున్నుంచీ ఆయన పెదవుల మీద ఒకటే మాట: ‘సైకిల్ మీద వస్తవా, సీతాఫలం తెస్తవా.’

చూడొద్దనే అనుకున్నాను. తెగిన పోగు ముడేసి తలెత్తితే చాలు, ఎదురుగా ఆ మూతే. మధ్యాహ్నానికి నాకూ అంటుకుంది. ఒళ్లు మండిపోయింది.

అంతలో కరెంటు పోయింది. మగ్గాలన్నీ ఆగాయి. చూస్తే, కార్ఖానా అంతా సీతాఫలాలే అడుగుతోంది! బాణీ ఎవరికీ వినపడలేదు కదా, తలా ఒకటి కట్టుకున్నారు. సత్తవ్వ బతుకమ్మ పాటలా సాగదీస్తోంది. మూలనున్న ఓదేలు భజన చేస్తున్నాడు. అందరికంటే గట్టిగా వినిపించింది నా గొంతే.

రాజేశం పడీపడీ నవ్వాడు. “సుగుణక్కా, అసలు బాణీ గది గాదు!”

“మరి గా అసలుదేందో పాడు, ఇందాం,” అన్నాను.

నోరు తెరిచాడు. మూశాడు. మళ్లీ తెరిచాడు. వచ్చింది నా బాణీయే.

“ఏందక్కా గిట్ల జేసినవ్! నాది మర్చిపోయిన!”

పొద్దున్నుంచి మొదటిసారి నా తల తేలికైంది.